కాళ్ళయందు ఉబ్బిన సిరలు

తెలుగువారు 'నరము' అను నొక్క మాటతో మూడు వస్తువులను చెప్పుదురు. మెదడునుండి బయలుదేరి కాలుసేతులను కదలించు తంతువులును నరములే; కండను ఎముకకు బిగించు త్రాళ్ళును నరములే; చర్మము క్రింద నీలముగా కనబడు రక్తనాళములును నరములే. ఆస్పత్రిలో 'నరమునకు సూది వేసినారు' అన్నప్పుడు సూది దిగినది రక్తనాళములోనికి. 'నరము పట్టినది' అన్నప్పుడు పట్టినది కండ. 'నరముల బలహీనత' అన్నప్పుడు ఏది బలహీనమైనదో చెప్పువానికిని తెలియదు, వినువానికిని తెలియదు. వాడుకలో దీనివలన పెద్ద నష్టము లేదు. కాని పిక్కలమీద నీలపు నాళములు ఉబ్బి వానపాములవలె మెలికలు తిరిగినప్పుడు మాత్రము ఈ యొక్క మాట మనుష్యుని రెండు విధముల త్రోవ తప్పించుచున్నది. నరములు చెడినవి గనుక పక్షవాతము వచ్చునేమోయని కొందరు లేనిపోని భయము పడుదురు. నరములకు బలమిచ్చు మాత్రలు మ్రింగిన చాలునని మరికొందరు ఏండ్లు గడపుదురు. ఈ రెండు తెగలవారును నాయొద్దకు వచ్చుచుందురు. మొదటివారికి రానున్న కీడు పక్షవాతము కాదు. రెండవవారికి కావలసినది ఆ మాత్ర కాదు. కావున ఈ ప్రసంగములో నేను 'సిర' అను మాటనే వాడెదను.

గుండెనుండి రక్తమును వెలుపలికి గొనిపోవు నాళములు ధమనులు. మరల గుండెకు చేర్చునవి సిరలు. కాలి సిరలకు గల శ్రమ మరి యే యవయవములోని సిరలకును లేదు. నిలుచున్న మనుష్యుని చీలమండనుండి గుండెవరకు సుమారు నాలుగడుగుల యెత్తు. ఆ యెత్తునకు రక్తము ఎదురెక్కవలెను. గుండె కొట్టిన బలము సన్నని నాళముల గుండ దూరి సిరలకు చేరునప్పటికి చాలవరకు వ్యయమైపోవును. అయినను రక్తము పైకి పోవుచునే యున్నది. ఎట్లనగా, మన పొలములలో నీరు తోడిన ఏతమును తలచుకొనుడు. మనిషి త్రొక్కినకొలది నీరు పైకి వచ్చును. కాలిలో ఆ పని చేయునది పిక్క కండ. అడుగు వేసినప్పుడెల్ల పిక్క బిగిసి, తన నడుమనున్న సిరలను పిండి, రక్తమును పైకి నెట్టును.

పిక్క వదులైనప్పుడు ఆ రక్తము మరల క్రిందికి జారిపోకుండుటకై సిరలలో కవాటములున్నవి. ధవళేశ్వరమువద్ద గోదావరి కాలువల లాకులను చూచినవారికి ఈ యేర్పాటు సులభముగా బోధపడును. లాకు తలుపులు రెండును నడుమ కలిసికొని, ఎగువనీటి యొత్తిడికే మరింత బిగిసి నిలుచును. సిరలోని కవాటము కూడ రెండు పలుచని రెక్కలే. క్రిందినుండి వచ్చు రక్తమునకు అవి తెరచుకొనును. పైనుండి జారు రక్తమునకు మూసికొనును. ఇటలీలోని పాదువా నగరమున శరీరశాస్త్రము బోధించిన ఫాబ్రీషియసు పండితుడు 1603లో ఈ కవాటములను గూర్చి గ్రంథము ప్రకటించెను. అవి యొక్క దిక్కునకే తెరచుకొనుటలోని యర్థమును గ్రహించినవాడు మాత్రము ఆయన శిష్యుడు విలియం హార్వీ. రక్తము శరీరమంతట చక్రమువలె తిరుగుచున్నదని 1628లో ఆయన చేసిన నిరూపణమునకు ఈ చిన్న తలుపులు గొప్ప సాక్ష్యమైనవి.

కాలిలో సిరలు రెండు వరుసలుగ నున్నవి. కండల నడుమ పోవు లోసిరలు పెద్ద కాలువలు. కాలిలోని రక్తములో పదింట తొమ్మిది పాళ్ళు వానిగుండనే పోవును. చర్మము క్రింది పైసిరలు పిల్లకాలువలు. వీనిలో ముఖ్యమైనది చీలమండ లోపలి ప్రక్కనుండి తొడమీదుగా గజ్జవరకు పోయి అచ్చట లోసిరలో కలియును. శరీరమున ఇంత పొడవైన సిర మరియొకటి లేదు. గజ్జవద్ద కూడలిలోని కవాటము కారుట ప్రారంభించెనా, పైరక్తపు బరువంతయు దాని క్రింది కవాటముమీద పడును. అది కొంతకాలమోర్చి యోడును. పిమ్మట దాని క్రిందిది. ఎగువ లాకు చెడినప్పుడు దిగువ గట్లు తెగినట్లు సిర గోడలు సాగి, మెలికలు తిరిగి, ముడులు కట్టును. మనము కంటితో చూచునది ఆ గట్టు తెగుట. అసలు రోగము చాలసారులు దానికి మూరెడు పైన, కంటికి కనబడని తావున నుండును.

ఇందులో నొక లెక్క చెప్పవలసి యున్నది. కదలక నిలుచున్నవాని చీలమండవద్ద సిరలోని యొత్తిడి పాదరసపు కొలతలో 80, 90 మిల్లీమీటర్లవరకు నుండును. కవాటములు మంచివైన యెడల, నాలుగడుగులు నడచునప్పటికి అది 30కి లోపునకు దిగిపోవును. కవాటములు చెడినవానికి నడచినను దిగదు. ఉదయము మొదలు రాత్రివరకు అతని చీలమండ ఆ బరువు క్రిందనే నలుగుచుండును. ఈ రోగముయొక్క లక్షణములన్నియు దీనినుండి పుట్టినవే.

ఇది యెవరికి వచ్చునన్న, తల్లిదండ్రులకున్నచో బిడ్డలకు వచ్చుట తరచు. వయస్సును, స్థూలకాయమును తోడగును. గర్భిణులకు రక్తము వృద్ధియగుటయు, సిరల గోడలు మెత్తబడుటయు, గర్భాశయపు బరువును మూడును కలియుటచే సిరలుబ్బును. ప్రసవమైన కొన్ని నెలలకు చాలమందికి తగ్గును గనుక ఆ కాలమున శస్త్రము జోలికి పోరాదు. వృత్తి సంగతి వేరుగా చెప్పవలెను. నడచుట కాలికి మేలు చేయును. కదలక నిలుచుటయే చెరుపు. బండిమీద ఇస్త్రీ పెట్టె త్రోయువాడు, పొయ్యియెదుట దోసెలు పోయువాడు, మంగలి, నాలుగు త్రోవల నడుమ నిలుచు పోలీసు, నల్లబల్ల ప్రక్క ఉపాధ్యాయుడు, బట్టల దుకాణములో ప్రొద్దుననుండి రాత్రి తొమ్మిదింటివరకు చీరలు పరచి చూపు ఆడుపిల్ల, వీరందరును ఏతమును త్రొక్కక నిలుపుచున్నవారు. గుంటమగ్గముపై నేయువారి కాళ్ళు పావుకోళ్ళమీద ఆడుచునే యుండును గనుక వారికి కొంత నయమనవచ్చును. దుకాణపు పిల్లలకు కూర్చుండ పీట కూడ నీయని యజమానులు మన పట్టణములలో నున్నారు. కొన్నవారు వచ్చినప్పుడు పనివారు కూర్చుండియున్న మర్యాద కాదట! కేరళమున ఆడువారు దీనికై పోరాడగా 2018లో, పిమ్మట తమిళనాట 2021లో, దుకాణములలో పనివారికి ఆసనములుంచవలెనని శాసనము చేసినారు. వైద్యుడు వ్రాయు చీటీలకన్న అట్టి చట్టము ఎక్కువ కాళ్ళను కాపాడునని నా నమ్మకము.

ఇక లక్షణములు. మొదట బరువు. సాయంకాలమునకు కాళ్ళు ఇసుకమూటలు కట్టినట్లుండును, పిక్కలు లాగును, చీలమండవద్ద వ్రేలితో నొక్కిన గుంట పడును. రాత్రి నిద్రలో పిక్క బిగదీసి మేల్కొలుపును. తెల్లవారి లేచునప్పటికి అంతయు తగ్గియుండును. ప్రొద్దున నయము, ప్రొద్దుక్రుంక బాధ, కాలెత్తి పెట్టుకొన్న సుఖము: సిరల రోగమును గుర్తించుటకు ఇంతకన్న మంచి గురుతు లేదు. నడచినకొలది పిక్క నొప్పి హెచ్చి, నిలిచినంతనే తగ్గునేని అది ధమని మూసికొనిపోయిన రోగము. చుట్ట బీడీలు కాల్చువారిలో తరచు. కోస్తా జిల్లాలవారు కాలు వాచిన ప్రతివానిని బోదకాలనుట కలదు. బోదకాలి వాపు ముదిరినకొద్దీ గట్టిపడి, పాదముపైకి కూడ వ్యాపించి, రాత్రి పరుండి లేచినను తగ్గక నిలుచును. ఈ భేదములు వైద్యుడు చూచి తేల్చవలసినవే గాని ఇరుగుపొరుగువారు తేల్చవలసినవి కావు.

సిర కనబడుటయే రోగము కాదని కూడ చెప్పవలెను. తొడమీద సాలెగూడువలె అల్లుకొను సన్నని యెఱ్ఱ నీలపు గీతలు అందమునకు లోపము కావచ్చును గాని ఆరోగ్యమునకు కావు. అట్లే సిరలు బయటికి కనబడకున్నను లోపల కవాటములు చెడి కాలు చెడుట కలదు. పురుషులు పంచె యెగగట్టుదురు గనుక పదిమందియు చూచి పదిమాటలు చెప్పుదురు. ఆడువారి కాళ్ళను చీర కప్పును, వారు మిక్కిలి ముదిరినపిమ్మటగాని రారు. ఈ పరీక్ష నిలుచుండబెట్టి గజ్జవరకు చూడవలసిన పరీక్ష. సంకోచపడువారు స్త్రీవైద్యుని కోరుటలో తప్పులేదు. పరీక్షయే మానుకొనుట మాత్రము తప్పు.

పట్టించుకొననిచో చీలమండకు పైన, లోపలి ప్రక్క, చర్మము దురదపెట్టును. నిలువయున్న రక్తపు కణములు వెలికి ఊరి, వానిలోని యినుము చర్మమున దిగి గోధుమవన్నె మచ్చ లేర్పడును. క్రమముగా చర్మము తోలువలె గట్టిపడును. అప్పుడొక చిన్న గీత, దోమ కుట్టిన తావున గోకిన గోరు, బల్లకోడు తగిలిన దెబ్బ, ఏదైనను పుండై నిలుచును.

ఈ పుండును గూర్చి కొంత విడమరచి చెప్పెదను. పెండ్లిండ్లకు వంటచేయు వృద్ధు డొకడు ఎనిమిదేండ్ల పుండుతో నాయొద్దకు వచ్చినాడు. గొట్టము మాత్రలు విప్పి పొడి చల్లినాడు, పసుపు అద్దినాడు, ఆకు పసరులు కట్టినాడు. పుండు మానినట్లే మాని, పెండ్లిండ్ల ఋతువు వచ్చి పొయ్యివద్ద నిలువగానే మరల తెరచుకొనెడిది. నేను పుండును కడిగించి, వ్రేళ్ళ మొదలునుండి మోకాలి దిగువవరకు సాగుడు పట్టీ పొరలుపొరలుగా చుట్టించగా ఆయనకు కోపము వచ్చినది.

"ఏమి డాక్టరుగారూ, పుండునకు మందు పూయక గుడ్డ చుట్టుచున్నారేమి? ఎనిమిదేండ్లు మానని పుండు గుడ్డకు మానునా?"

"పెద్దాయనా, కుండకు చిల్లిపడి నేల తడియుచున్నప్పుడు మీరు నేల తుడుచుచు కూర్చుందురా, కుండ సంగతి చూతురా?"

వంటవాడు గనుక ఆ మాట ఆయన కెక్కినది. పట్టీ చేయు పని సిరలోని యొత్తిడికి వెలుపలినుండి ఎదురొత్తిడి యిచ్చుటయే. వారమువారము కట్టు మార్చి, పగలు గంట కొకసారి పది నిమిషములు కాలెత్తి పరుండజేయగా నాలుగవ నెలకు పుండు పూడినది. తరువాత చెడిన సిరను మూయించినాము. పొడి చల్లుటవలన మానకపోవుటయే గాక చాలమందికి చర్మము వికటించి పుండు పెద్దదగును. పుండుచుట్టును ఎఱ్ఱబారి జ్వరము వచ్చినప్పుడు మందు కడుపులోనికి అవసరము కాని పుండుపై జల్లుట నిష్ప్రయోజనము.

పుండు మానువరకు ఆగి సిరకు చికిత్స చేయవలెనా, ముందే చేయవచ్చునా యను సందేహము వైద్యులకు చిరకాలమున్నది. ఇంగ్లండులో 450 మంది రోగులను రెండు తెగలుగ విభజించి చూచి 2018లో ఫలితములు ప్రకటించినారు. అందరికిని పట్టీలు కట్టినారు; కాని ఒక తెగవారికి వెంటనే సిరను మూసినారు, రెండవ తెగవారికి ఆగినారు. మొదటివారిలో సగముమందికి 56 దినములలో పుండు మానగా రెండవవారిలో సగముమందికి మానుటకు 82 దినములు పట్టినది. కావున పుండున్నది గదాయని ఆగుటకు నేడు కారణము లేదు.

పట్టీకిని, మేజోళ్ళకును ఒక్క హెచ్చరిక. మధుమేహము గలవారికిని, పొగత్రాగువారికిని ముందుగా పాదమున ధమని నాడి యాడుచున్నదో లేదో చూడవలెను. ధమనియే సన్నబడిన కాలిని బిగించినచో పాదము చచ్చును. నాడి మంచిదని తేలినవారు, చీలమండవద్ద బిగువుగను పైకి పోయినకొలది వదులుగను నేసిన మేజోళ్ళను ప్రొద్దున మంచము దిగకముందే తొడుగుకొనవలెను. కాలు వాచినపిమ్మట తొడుగుట పెనుగులాటయే. ఆరు నెలలకు వాని బిగువు పోవును, క్రొత్తవి కొనవలెను. రోహిణికార్తెలో వీనిని ధరించుమని చెప్పుటకు నాకే నోరు రాదు. అయినను పుండు మానినవారు ధరింపక తప్పదు. మేజోళ్ళు బాధను, వాపును తగ్గించును గాని కవాటమును బాగుచేయలేవు. మాత్రలును అంతే.

కవాటమును బాగుచేయు మార్గము నేటికిని సులభసాధ్యము కాదు. కావున చెడిన సిరను త్రోవనుండి తొలగించుటయే చికిత్స. ఇది మిక్కిలి ప్రాచీనమైన తలపు. రోము సేనాని మారియసు తన కాలి సిరలను, కట్టుత్రాళ్ళు లేకయే, కదలక నిలిచి కోయించుకొనెనట. వైద్యుడు రెండవ కాలిమీదికి రాగా, ఈ బాధకు తగిన లాభము కనబడలేదని వలదనెనట. ప్లూటార్కు వ్రాసిన కథ యిది. జర్మనీ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బుర్గు 1891లో పొడవైన సిరను తొడలో కట్టివేయు పద్ధతిని ప్రకటించెను. తరువాత సిరను తీగతో లాగివేయు పద్ధతి వచ్చి నూరేండ్లకు దగ్గరగా రాజ్యమేలినది. ఇరువదవ శతాబ్దపు చివర లేజరు, రేడియో తరంగము వచ్చినవి. మోకాలివద్ద సూదిరంధ్రముగుండ సన్నని తంతువును సిరలోనికి పంపి, చుట్టును మత్తునీరు నింపి, లోపలనుండి వేడిచేయుదురు. సిర ముడుచుకొని మూసికొనును. రోగి ఆ దినమే నడచి యింటికి పోవును. చిన్న సిరలకు నురుగుమందు ఎక్కించుటయు, వేడి లేకయే జిగురుతో అంటించుటయు కలవు. లాగివేయు పాతపద్ధతి కూడ మంచి చేతులలో మంచిదే. యంత్రము లేని యూరివారు దానిని తక్కువగా చూడనక్కరలేదు.

ఏది చేసినను ముందు డాప్లరు పరీక్ష జరిగి తీరవలెను. ధ్వని తరంగములతో రక్తము ఏ దిక్కునకు పారుచున్నదో, ఏ కవాటము కారుచున్నదో అందు కనబడును. నొప్పి లేదు, సూది లేదు. పూర్వమెప్పుడో లోసిరలో రక్తము గడ్డకట్టి త్రోవ మూసికొనిపోయిన వారికి ఆ ఉబ్బిన పైసిరలే చుట్టుత్రోవ. పెద్దకాలువ పూడినవేళ పిల్లకాలువను కూడ పూడ్చినచో ఊరు మునుగును.

"బాబూ, ఆ నరము కాల్చివేసినచో కాలు చచ్చుపడదా? నెత్తురు ఎటు పోవును?" అని ప్రతి పెద్దమ్మయు అడుగును. కాలిన రక్తనాళము కాలిని కదలించు నరము కాదు. ఆ నరములకు హాని కలుగకుండ వైద్యుడు జాగ్రత్తపడును. రక్తము లోసిరలలో పోవును. దీనికి గుండెవైద్యులే సాక్షులు. 1967లో క్లీవ్‌లాండు నగరమున ఫావలోరో అను వైద్యుడు ఈ పొడవైన కాలిసిరనే తీసి గుండె ధమనికి చుట్టుత్రోవగ కుట్టుట ప్రారంభించెను. నాటినుండి లక్షలమంది ఆరోగ్యమైన కాలినుండి సిరను గుండె కిచ్చి సుఖముగ నడచుచున్నారు. అందువలననే, చెడని సిరను ఊరక తీయించుకొనరాదని కూడ నే చెప్పుదును. ముందు దానితో పని పడవచ్చును. ఒకసారి మూయించుకొన్నవారికి కొన్నేండ్లకు వేరొక సిర ఉబ్బుట కలదు. అది చికిత్స తప్పుట కాదు, పుట్టుకతో వచ్చిన గోడల బలహీనత, మరల చూపించుకొనవలెను.

వెంటనే ఆస్పత్రికి పోవలసిన సమయములు రెండు. ఒక్కసారిగా ఒక కాలు మాత్రము నిండుగ వాచి నొప్పిపుట్టుట లోసిరలో గడ్డకు గురుతు కావచ్చును. దానితో ఆయాసము, రొమ్ములో పోటు కలిగిన, గడ్డ ఊపిరితిత్తులకు చేరినదేమోయని క్షణమాలస్యము చేయరాదు. అట్టి కాలిని నూనె రాసి మర్దించరాదు.

రెండవది రక్తస్రావము. చీలమండవద్ద చర్మము పలుచబడి సిర చిట్లినచో రక్తము చిమ్మును. స్నానపు గదిలో నిలుచున్నవారికి నొప్పి కూడ తెలియక, కాళ్ళక్రింద నీరు ఎఱ్ఱనగువరకు తెలియని సందర్భములున్నవి. చూచినవారు కంగారుపడి రోగిని కుర్చీలో కూర్చుండబెట్టుదురు, మోకాలిపైన త్రాడు బిగింతురు. ఈ రెండును ప్రాణాంతకములు కాగలవు: కూర్చున్నంతసేపు సిరలోని బరువు తగ్గదు, త్రాడు పైకి పోవు త్రోవను మూసి స్రావమును హెచ్చించును. రోగిని ఉన్నచోటనే, తడినేలయైనను సరే, వెల్లకిల పరుండబెట్టుడు. కాలిని గోడకుగాని కుర్చీకిగాని ఆనించి గుండెకన్న ఎత్తున నుంచుడు. చిట్లిన చోట మడచిన శుభ్రమైన గుడ్డనుంచి అరచేతితో పది నిమిషములు వదలక నొక్కుడు; నడుమ ఆగినదేమోయని ఎత్తి చూడవలదు. ఆగినపిమ్మట ఆ గుడ్డమీదనే పట్టీ చుట్టి, కాలెత్తియుంచియే ఆస్పత్రికి తీసికొనిపోవుడు.